మూడో కొస

మా నరసాపురంలో ఎవరికి ఏ సలహా కావలసి వచ్చినా నా దగ్గరికి వచ్చేవారని రాయాలని ఉంది గానీ, అది అబద్ధం. ఎవరూ వచ్చేవారు కాదు. నేనే వెళ్ళేవాణ్ణి. పక్కింటి గేదె మేత మానేసినా, రేవులో పడవ తెరచాప చిరిగినా, గుడి గంట తాడు తెగినా పిలవకుండానే వెళ్ళి నిలబడి, "అది అలా కాదండి" అని మొదలుపెట్టేవాణ్ణి. మిషను బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి కనక జనం మొహమాటపడి వినేవారు. విన్నాక ఎవరి పని వాళ్ళు తమకు తెలిసినట్టే చేసుకునేవారు. ఆ సంగతి నాకు తెలియదనుకునేవారు పాపం. తెలుసు. తెలిసినా నోరు ఆగేది కాదు.

ఈ జబ్బు నాకు మా మిషను దొరసానిగారు చదివి పారేసే ఇంగ్లీషు పత్రికల వల్ల అంటుకుంది. వాటి చివరి పుటల్లో ఇల్లాళ్ళకు చిట్కాలుండేవి. సిరా మరక పోవాలంటే ఏం రుద్దాలి, తలుపు కిర్రుమంటే ఏం పుయ్యాలి, ఇలాంటివి. ఇల్లూ ఇల్లాలూ లేని నేను వాటిని బైబిలు వాక్యం చదివినంత శ్రద్ధగా చదివేవాణ్ణి.

నా పేరు రాజరత్నం. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే గాలివానలో పోతే మిషను వారి వసతిగృహంలో పెరిగాను. పెళ్ళీడు వచ్చింది, వచ్చినంత నెమ్మదిగా దాటిపోతూ కూడా ఉంది. మా సంఘంలో పెళ్ళికి ఉంగరం చాలని దొరలన్నారు, పుస్తె ఉండి తీరాలని పెద్దలన్నారు. చివరికి ఉంగరమూ ఉంది, పుస్తె కూడా ఉంది, మూడు ముళ్ళూ ఉన్నాయి. అయితే వీటన్నిటికన్నా ముందు ఒక పెద్దమనిషి ఉత్తరీయం వేసుకుని పిల్లవారింటికి వెళ్ళి మాట కదపాలి. నా తరఫున ఉత్తరీయం వేసుకునేవాడు ఎవడూ లేడు. ఊళ్ళో గేదెల దగ్గర్నుంచీ గంటల దాకా సలహాలిచ్చే నేను ఈ ఒక్క విషయంలో నాకు నేను ఏమీ చెప్పుకోలేక, దేవకుమారి గారు కనిపించినప్పుడల్లా తలవంచుకుని పక్కకు తప్పుకోవడంతో సరిపెట్టుకుంటున్నాను.

దేవకుమారి గారు ఆడపిల్లల బడిలో కుట్టూ, లేసు అల్లికా నేర్పేవారు. గుడిలో ప్రసంగాలు చేసే ఉపదేశి సామ్యేలు గారి కూతురు. మాట తక్కువ మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంత సేపూ ఆవిడ చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. ఎవరైనా గొప్పలు పోతుంటే మాత్రం సూది ఒక్క క్షణం ఆగుతుంది. నేను మాట్లాడేటప్పుడు అది ఎన్నిసార్లు ఆగేదో చెప్పుకోవడం నాకు మర్యాద కాదు.

ఆ ఏడు బహుమతుల పండగకి దొరల సీమ నుంచి వచ్చిన పెట్టెలో ఎర్రపట్టు రిబ్బను చుట్ట ఒకటి వచ్చింది. దాన్ని ముక్కలు కోసి, ఒక్కో బహుమతి పుస్తకానికీ ఒక్కో ముక్క కట్టి ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. పుస్తకాలకు అట్టలు వేయించే పని నాకు పడింది. రిబ్బను పని దేవకుమారి గారికి పడింది. పుస్తకం కొలత తెలియకుండా రిబ్బను కొయ్యడం ఎలా? కుదరదు కదా. నేను దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పుస్తకాలు చంకన పెట్టుకుని అల్లిక గదికి వెళ్ళాను.

గుమ్మంలో పాపాయమ్మ అనే ముసలావిడ కాపలా. మగవాళ్ళెవరైనా పని మీద వస్తే వాళ్ళ పని అయ్యేదాకా నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చుకుంటూ అక్కడే కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. లోపల పిల్లలు వరసగా కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. దేవకుమారి గారు అప్పటికే రెండు మూడు ముక్కలు కోసి, వాటి వంక దిగులుగా చూస్తున్నారు.

"మేష్టారండీ, కోసిన కాడికల్లా పోగులు లేచిపోతున్నాయండీ. ఒకసారి కట్టి విప్పితే చాలు, కొసంతా పీచయిపోతోంది. మడిచి కుట్టేద్దామనుకుంటున్నాను" అన్నారు.

మడిచి కుట్టడమే సరైన పని. ఆ సంగతి నాకూ తెలుసు, అక్కడున్న చిన్నపిల్లలకూ తెలుసు. కానీ కుట్టేస్తే ఆ పని ఒక్క పూటలో అయిపోతుంది. పని అయిపోతే నేను ఆ గదికి రావలసిన అవసరమూ అయిపోతుంది. కనక నేను చెయ్యి అడ్డం పెట్టి, "అయ్యయ్యో, కుట్టకండి! కుడితే కొస మందమైపోతుందండి. అది అలా కాదు. పట్టు తత్వం వేరు, నేను చెప్తాను కదా" అన్నాను.

సూది ఆగింది.

ఏం చెప్పాలో నాకే తెలియదు. చెప్తానన్నాను కాబట్టి వెతుక్కోవాలి. సీమలో ఆడవాళ్ళు జుట్టు కొసలు చీలిపోకుండా వాటిని దీపం మీద కొంచెం కాల్చుకుంటారని ఒక పత్రికలో చదివిన గుర్తు. పట్టు కూడా ఒక పురుగు ఒంట్లోంచి వచ్చిందే, జుట్టూ మన ఒంట్లోంచి వచ్చిందే. ఇంత గట్టి తర్కం దొరికాక ఎవడాగుతాడు? దీపం కోసం చూశాను, లేదు. పాపాయమ్మ చుట్ట ఉంది. ఆవిడ నోట్లోంచి తీసి, తుడిచి మరీ ఇచ్చింది.

నిప్పు తగలగానే రిబ్బను కొస ముడుచుకుపోయి నల్లగా ఉండకట్టింది. "చూశారా, ఇక పోగు లేవదు" అని వేలితో నొక్కాను. ఉండ పొడుం అయిపోయింది. లోపలి నుంచి మసి పట్టిన పోగులు ఇంకా ఎక్కువగా లేచాయి. గది నిండా తలవెంట్రుకలు కాలిన కంపు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు, పాపాయమ్మ మాత్రం, "నా చుట్ట పాడుచేసేవు కదయ్యా" అని నొచ్చుకుంది.

"పోనీ కుట్టేద్దామా అండీ?" అన్నారు దేవకుమారి గారు.

"ఇంకొక్క ఉపాయం ఉందండి. రేపొస్తాను" అన్నాను. ఆవిడ వద్దనలేదు. నా ఉపాయం మీద నమ్మకమనుకున్నాను.

మర్నాడు తుమ్మబంక నానబెట్టి పట్టుకెళ్ళాను. ఒట్టి బంక ఎండితే పెళుసుబారి రాలిపోతుందని, మెత్తదనం కోసం అందులో కాస్త బెల్లం పాకం కలిపాను. ఇది ఏ పత్రికలోనూ లేదు, పూర్తిగా నా సొంత బుర్ర. ముక్కలన్నిటికీ రెండు వైపులా పూసి ఆరబెట్టాం. ఆవిడ ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొసకు పూసేవాణ్ణి. ఆరాక కొసలు గట్టిగా, మెరుస్తూ, పోగన్నది లేవకుండా ఎంత అందంగా ఉన్నాయని! ఆవిడ కూడా చూసి, "బాగున్నాయండీ" అన్నారు. సూది ఆగలేదు. నేను ఇంటికి నేల మీద నడిచి వెళ్ళానో లేదో గుర్తులేదు.

ఆ వారం చివర్లో ఏర్పాట్లు చూడడానికి సామ్యేలు గారు వచ్చారు. ఆయన మా సంఘంలో అందరికన్నా గంభీరమైన మనిషి, నవ్వితే ప్రసంగం పలచబడుతుందని ఆయన నమ్మకం. దేవకుమారి గారు బీరువా తీసి రిబ్బన్ల కట్ట ఆయన చేతికిచ్చారు. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఇవేంటమ్మా, కదులుతున్నాయి?" అన్నారు.

ఎర్రటి రిబ్బను మీద ఎర్రచీమలు. ఆయన చొక్కా చేతుల్లోకి వెళ్ళాక గానీ అవి చీమలని ఎవరికీ తెలియలేదు. దైవసేవకుడు బల్ల చుట్టూ గెంతడం నేను చూడడం అదే మొదలు. నవ్వు రాలేదు. బెల్లం కలిపింది ఎవరో ఆయనకు అప్పటికే పిల్లలు చెప్పేశారు.

"రాజరత్నం, నీకు అప్పచెప్పింది పుస్తకాలు కదయ్యా" అన్నారు చొక్కా దులుపుకుంటూ. ఆ రోజు నుంచి ఆడపిల్లల బడిలో నా పేరు చీమల మేష్టారు.

దేవకుమారి గారు రిబ్బన్లన్నీ ఇంటికి పట్టుకెళ్ళి ఉతికి ఆరేశారని తెలిసింది. శనివారం సాయంత్రం క్షమాపణ చెప్పుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. క్షమాపణతో పాటు ఇంకో ఉపాయం కూడా తీసుకెళ్ళాననుకోండి. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆరిన రిబ్బన్లు చేత్తో సాపు చేస్తున్నారు. పక్కన కిటికీ లోపల ఎవరో రొయ్యలు వలుస్తున్న చప్పుడు. ఆవిడ తల్లి దీనమ్మ గారన్న మాట. సామ్యేలు గారు ఇంట్లో లేరు. ఆయనకు చీమలు కుట్టిన చెయ్యి ఇంకా వాచే ఉందని విన్నాను కనక అది మంచిదే అనుకున్నాను.

నేను మెట్టు మీదే నిలబడి, ఒక రిబ్బను కొస చేతిలోకి తీసుకున్నాను. రెండో కొస ఆవిడ చేతిలో ఉంది. ఆ రోజు నేనన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను, ఎందుకంటే వాటిని తర్వాత నలుగురు నాకు అప్పజెప్పారు.

"మీరు ఇంక కంగారు పడకండి, దేవకుమారి గారూ. నేనే ముడి వేసేస్తాను. ఇన్నాళ్ళూ బుద్ధి లేక అటూ ఇటూ తిరిగేను గానీ, మొదట్లోనే ముడేసి ఉంటే ఇంత రభస ఉండేది కాదు. నేను వేసిన ముడి జన్మలో ఊడదు. మీ నాన్నగారికి కోపంగా ఉందని తెలుసు. ఆయనతో కూడా నేనే చెప్పుకుంటాను."

ఆవిడ తల వంచుకుని రిబ్బను వంకే చూస్తూ, "ఎప్పుడు వేస్తారండీ?" అన్నారు.

"మీరు సరేనంటే రేపే. గుడి అయ్యాక."

"సరేనండీ" అన్నారు.

కిటికీ లోపల గిన్నె కింద పడి రొయ్యలు చెల్లాచెదరైన చప్పుడయింది. పిల్లి అనుకున్నాను. "రొయ్యలు మూత పెట్టుకోమనండి, పిల్లి తిరుగుతోంది" అని ఒక సలహా కూడా పారేసి, హాయిగా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆరాధన అయ్యాక జేబులో కత్తెర పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ముడి వేసే ముందు కొసలు సమంగా కత్తిరించాలి కదా. వెళ్ళేసరికి హాల్లో కొత్త చాపలు పరిచి ఉన్నాయి. పళ్ళెంలో కజ్జికాయలున్నాయి. దీనమ్మ గారు పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, నన్ను చూడగానే కళ్ళొత్తుకున్నారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఇద్దరు గోడవారగా కూర్చున్నారు. రిబ్బనుకి ఇంత హడావుడి ఏమిటో అనుకున్నాను గానీ, సీమ పట్టు కదా, ఉండొచ్చు అని సమాధానం కూడా నేనే చెప్పుకున్నాను.

సామ్యేలు గారు నన్ను చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వాచిన చెయ్యి నా భుజం మీద వేశారు.

"నీకు పెద్దలు లేరు. ఉంటే వాళ్ళే వచ్చి అడుగుదురు. లేరు గనక నువ్వే నోరు విప్పేవు. అందులో తప్పేం లేదయ్యా" అన్నారు. "రాజమండ్రి కాంపౌండరు సంబంధం వాళ్ళకి పొద్దున్న పడవకే కబురంపేను, మాకు వీలుపడదని. మరి చెప్పు. ముడి ఎప్పుడు వేస్తావు?"

కాంపౌండరుకీ రిబ్బనుకీ ఏమిటి సంబంధమో నాకు బోధపడలేదు. అయినా అడిగిన దానికి జవాబు చెప్పాలి.

"ఎప్పుడో ఎందుకండీ, ఇప్పుడే వేసేస్తాను. ఎంతసేపు పని? కత్తెర కూడా తెచ్చేను" అని జేబులోంచి తీసి చూపించాను.

అందరూ కత్తెర వంక చూశారు. అమ్మలక్కల్లో ఒకావిడ, "కత్తెరెందుకండీ?" అంది.

"కొసలు కత్తిరించొద్దూ? కత్తిరించకుండా ముడేస్తే పోగులన్నీ బైటికొచ్చేస్తాయి."

"దేని కొసలు?" అన్నారు సామ్యేలు గారు. ఆ గొంతు విన్నాక నాకు మెల్లిగా వెలిగింది. చాపలు, కజ్జికాయలు, దీనమ్మ గారి చీర, నిన్నటి పిల్లి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. గుమ్మం పక్కన దేవకుమారి గారు నిలబడి నా వంకే చూస్తున్నారు.

"నేను... రిబ్బను గురించండి" అన్నాను.

కజ్జికాయల పళ్ళెం ఎత్తబోతున్న దీనమ్మ గారు దాన్ని అక్కడే దింపేశారు. సామ్యేలు గారి చెయ్యి నా భుజం మీంచి లేచిపోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను తలెత్తి చూసేసరికి గుమ్మం పక్కన ఎవరూ లేరు.

"సరే. నాదే పొరపాటు" అన్నారు సామ్యేలు గారు. "కాంపౌండరు వాళ్ళకి మళ్ళీ కబురు పెట్టుకుంటాను. పండగ ముందు రోజు వచ్చి పిల్లని చూసుకోమంటాను. నువ్వు వెళ్ళు బాబూ."

వెళ్ళాను. కత్తెర అక్కడే మర్చిపోయాను. అక్కడ నేను అనవలసింది ఒక్కటే మాట, 'రిబ్బను ఒక్కటే కాదండీ' అని. ఎప్పటి నుంచో అనుకుంటున్న మాట, వాళ్ళంతట వాళ్ళు చాప పరిచి, కజ్జికాయలు పెట్టి, అనవయ్యా అంటే అనలేకపోయిన మాట. అది నాకు ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటుండగా తట్టింది. చెంబు పట్టుకుని పెరట్లో నిలబడి ఏడ్చాను. ఊరందరికీ ఉచితంగా పంచిన నోరు నా కోసం ఒక్కసారి పనికి రాలేదు.

తర్వాత రోజులు ఎలా గడిచాయని అడగకండి. సామ్యేలు గారింటి వీధిలోంచి పోవలసి వస్తే కాలవ గట్టు చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. మళ్ళీ వెళ్ళి అడగాలని రోజూ అనుకునేవాణ్ణి. కానీ ఆవిడకు నేనంటే ఏముంటుంది? నలుగురి ముందు తల దించుకునేలా చేసినవాణ్ణి. తల్లి ఏదో పొరపాటు పడింది, తండ్రి పరువు పోయింది, మధ్యలో ఆవిడ చేసిన పాపమేముంది? పైగా కాంపౌండరు. మందులు కలిపేవాడు. నేను కలిపింది బెల్లం పాకం.

పండగ ముందు రోజు మధ్యాహ్నం పాపాయమ్మ ఒక మూట పట్టుకుని నా గదికొచ్చింది. విప్పితే రిబ్బన్లు. ఉతికి, ఆరబెట్టి, ఒక్క కొసా కుట్టకుండా.

"ముళ్ళు మీరే వేస్తానన్నారంట కదా మేష్టారూ. అన్నమాట ప్రకారం వేసి పంపమన్నారు అమ్మాయిగారు" అంది. "ఆ కాంపౌండరు వాళ్ళు సాయంత్రం పడవకి దిగుతున్నారంట. నేను వెళ్ళి చాపలు దులపాలి." ఇంత చెప్పి, పాత బాకీ గుర్తొచ్చినట్టు నా వంక అనుమానంగా చూసి, చుట్ట చెంగులో దాచుకుని వెళ్ళిపోయింది.

నేను కూర్చుని ముళ్ళు వెయ్యడం మొదలుపెట్టాను. శిక్షలా అనిపించింది. పట్టు జారుడు. ఒక కొసకు ముడి బిగించాలంటే రెండో కొస ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి. పట్టుకునేవాళ్ళు లేక కాలి బొటనవేలికి చుట్టి లాగుతున్నాను, కాలు తిమ్మిరెక్కుతోంది. 'ఆ రోజు అరుగు మీద ఇంత ఇబ్బంది లేదు, రెండో కొస ఆవిడ పట్టుకున్నారు కదా' అనుకున్నాను.

అనుకుని ఆగిపోయాను.

రెండో కొస ఆవిడ పట్టుకున్నారు. నేను ముడి అన్నప్పుడు రిబ్బను ఆవిడ చేతిలోనే ఉంది. కిటికీ వెనక దీనమ్మ గారికి రిబ్బను కనిపించలేదు. ఇంట్లోనే లేని సామ్యేలు గారికి అసలే కనిపించలేదు. నేను మాట్లాడేది రిబ్బను గురించేనని తెలిసిన మనిషి ఈ లోకంలో నేను కాక ఒక్కరే ఉన్నారు. ఆ సాయంత్రం తల్లి రొయ్యల చేతులతో పరిగెత్తుకొచ్చి వాటేసుకునే ఉంటారు. అప్పుడు, 'కాదమ్మా, ఆయన రిబ్బను గురించి అన్నారు' అని ఆవిడ ఒక్క మాట అనొచ్చు. అనలేదు. పొద్దున్న తండ్రి కాంపౌండరుకి వద్దని కబురంపుతుంటే చెప్పొచ్చు. చెప్పలేదు. చాపలు పరిచారు, కజ్జికాయలు వత్తారు, అప్పుడూ చెప్పలేదు. ఆ పొరపాటు పొరపాటుగానే ఉండిపోవాలని ఆవిడ ఊరుకున్నారు. దాన్ని సరిదిద్దింది నేను. ఎవరూ అడక్కుండా, కత్తెర చూపించి మరీ!

నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాస్తే సంఘంలోంచి వెలేస్తారు. కాలికి చుట్టిన రిబ్బను ఊడబీక్కుని లేచాను. చెప్పులు దొరకలేదు. వెతకలేదు.

సామ్యేలు గారింట్లో మళ్ళీ చాపలు పరిచి ఉన్నాయి, కజ్జికాయలూ ఉన్నాయి. ఆయన ఉత్తరీయం సర్దుకుంటూ రేవుకి బయల్దేరబోతున్నారు. నేను రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాను.

"మళ్ళీ ఏంటయ్యా?" అన్నారు. "రిబ్బనా?"

"కాదండి."

"మరి ఆ చేతిలో ఏంటి?"

చూసుకున్నాను. రిబ్బనే. "ఇది రిబ్బనేనండి. కానీ నేనొచ్చింది దీని గురించి కాదు. ఆ రోజు నేను దీని గురించే అన్నాను, అది నిజం. కానీ దీని గురించి ఒక్కటే అన్నాననడం నిజం కాదండి. నాకు భయమేసింది. మీ అమ్మాయిగారంటే నాకు... చాలా కాలం నుంచండి. అడగడానికి నాకు ఎవరూ లేరు. ఉంటే ఎప్పుడో వచ్చి ఈ చాప మీద కూర్చునేవారు. లేరు కనక నేనే అడుగుతున్నాను. ఆవిణ్ణి నాకు ఇవ్వండి."

నా జీవితంలో సలహా లేకుండా మాట్లాడిన అతి పొడుగు మాట అదే. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, దాచుకోలేదు.

సామ్యేలు గారు ఉత్తరీయం కొస విసురుగా భుజం మీదికి వేసుకున్నారు. "ఏం మనిషివయ్యా నువ్వు!" అన్నారు. "వాళ్ళని ఓసారి రావద్దన్నాను. తర్వాత రమ్మన్నాను. పడవ రేవులోకొచ్చే వేళయింది. ఇప్పుడేమని చెప్పను వాళ్ళకి?"

"దానికేముందండీ, అది అలా కాదు, ముందు మీరు..." అని నేను మొదలుపెట్టాను. సిగ్గులేని నోరు!

"మేష్టారూ" అని లోపలి నుంచి పిలుపు వినిపించింది. నోరు మూశాను.

దేవకుమారి గారు గుమ్మంలోకి వచ్చారు. కొత్త చీర కట్టుకుని ఉన్నారు, కాంపౌండరు కోసం కట్టుకున్నదే. నా వంక చూడకుండా నా చేతిలోంచి వేలాడుతున్న రిబ్బను అవతలి కొస అందుకుని, వేసిన ముడి గోటితో గుంజి చూశారు. ఇవతలి కొస నా పిడికిట్లో ఉంది. ఆ ముడి కూడా వంగి చూశారు. పరీక్ష పత్రం దిద్దుతున్నట్టు చాలాసేపు చూశారు.

"రెండు ముళ్ళూ బాగానే వేసేరండీ" అన్నారు. తర్వాత తండ్రి వింటుండగా, తల్లి వింటుండగా, తలెత్తి నా కళ్ళలోకి చూశారు. "రిబ్బనుకి ఉండేవి రెండు కొసలే కదండీ. మరి మూడో ముడి ఎక్కడ వేస్తారు?"

నాకు తెలిసిన పత్రికల్లో ఎక్కడా దీనికి జవాబు లేదు. దీనమ్మ గారు చెంగుతో నోరు నొక్కుకున్నారు. సామ్యేలు గారు కూతురి వంక చూశారు, నా వంక చూశారు, వీధి వంక చూశారు. ఆయన మొహంలో ఎన్నడూ చూడని నవ్వు ఒకటి రాబోయి, ఆయన ఆపుకుంటుండగానే వచ్చేసింది.

"రేవు దగ్గర నేనేదో చెప్పుకుంటాను. వాళ్ళ కాళ్ళయినా పట్టుకుంటాను" అన్నారు చెప్పులు తొడుక్కుంటూ. "దీనమ్మా, నువ్వు మాత్రం ముందు ఆ రిబ్బను అతని చేతిలోంచి లాగేసెయ్. ఇంకో నిమిషం ఉంచేవంటే మళ్ళీ కత్తెర అడుగుతాడు."

దీనమ్మ గారు వచ్చి లాగి చూశారు. నేను వదల్లేదు. అవతలి కొస దేవకుమారి గారూ వదల్లేదు.